చప్పుడు ఏ దారిన వచ్చింది?

 

హైదరాబాద్ నుంచి రాజమండ్రికో తిరుపతికో ఏటీఆర్ 72లో వెళ్లేవాళ్లు వినే మోత గురించే ఇవాళ పట్టాలు అందుకున్న మీతో మాట్లాడతాను. ఆ విమానం ప్రొపెల్లర్‌కు ఆరు బ్లేడ్లు. ప్రయాణ వేగంలో అది నిమిషానికి సుమారు 980 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు దాదాపు 98 సార్లు ఒక బ్లేడు విమానం పక్కగా దూసుకుపోతుంది. ఆ మోత గాలిలోంచి వచ్చి పైరేకును అదిరిస్తుంది. ఇంజన్ మౌంట్లలోంచి రెక్కలోకి, అక్కడి నుంచి బోల్టుల మీదుగా క్యాబిన్‌లోకీ పాకుతుంది. ఇక్కడే మీ మీద నాకు కోపం. చప్పుడును రంగుల్లో చూపే తెర మీద ఎర్రగా కనిపించిన ప్యానెలే దోషి అనేసి, దాని వెనక దళసరి పొర అతికించేస్తారు. మోగుతున్నది ప్యానెలే, నిజం. మోగిస్తున్నది ఎక్కడో దూరాన ఉన్న బోల్టు కావచ్చు. పొంతన లేని చప్పుళ్లు పది దారుల్లో సమానంగా వస్తుంటే, ఒక దారిని పూర్తిగా మూసినా అర డెసిబెల్ కూడా తగ్గదు. ప్రొపెల్లర్ మోత లాంటి ఒకే స్వరంలో చిక్కు ఇంకా పెద్దది. ఏదో ఒక సీటు దగ్గర రెండు దారుల తరంగాలు ఒకదాన్నొకటి అణుచుకుంటూ ఉండవచ్చు. అప్పుడు ఒకదాన్ని మూస్తే, విమానం బరువుతోపాటు ఆ సీటు దగ్గర మోతా పెరుగుతుంది.

ఇన్ని దారులు కొలిచే తీరిక ఎక్కడిదంటారు. ప్రతి మౌంటునూ సుత్తితో కొట్టి చూడటం కష్టమే. 1873లో భౌతిక శాస్త్రవేత్త రేలీ చెప్పిన పరస్పరతా సూత్రం (మోగించే చోటూ వినే చోటూ తారుమారు చేసినా ఫలితం ఒకటే) ఆ కష్టం తగ్గిస్తుంది. ప్రయాణికుడి తల ఉండే చోట బలం తెలిసిన స్పీకరు మోగించి మౌంట్ల కదలిక కొలిస్తే, మౌంట్ల నుంచి చెవికి ఉన్న దారులన్నీ ఒకేసారి తెలుస్తాయి. ఎగురుతున్నప్పుడు మౌంట్ల మీద పడే బలాన్ని అంచనా కట్టి ఆ దారుల కొలతలకు జోడిస్తే ఏ దారి వాటా ఎంతో తేలుతుంది. కంప్యూటర్ నమూనా చాలదా? బోల్టు బిగింపు, చలికి రబ్బరు గట్టిపడటం లాంటివి కొలిచి ఇస్తేనే కదా దానికి తెలిసేది! హెడ్‌ఫోన్లు ఉన్నాయిగా అంటే, సీటులోంచి వెన్నుకెక్కే అదురును అవి ఆపలేవు. రోజూ విమానంలోనే పనిచేసే క్యాబిన్ సిబ్బంది అవి పెట్టుకుని ప్రయాణికుల మాట వినలేరు.

పిల్లలూ, రేపు ఉద్యోగంలో ఎవరైనా మీ చేతికి నురగ పొర, జిగురు డబ్బా ఇస్తే, వాటిని పక్కన పెట్టి ముందు అదురు కొలిచే యాక్సెలరోమీటర్లు అడగండి.