సినిమా చదువేందంటారా?

(మా గూడెం కమ్యూనిటీ హాల్లో జరిగిన సభలో ఒక బడిపంతులు చేసిన ప్రసంగ పాఠం)

పొద్దున్నుంచి పనులకు పోయొచ్చి, అన్నం తిన్నారో లేదో గానీ వచ్చి కూర్చున్న పెద్దయ్యలకు, అక్కలకు, చెల్లెళ్ళకు, గోడకానుకుని నిలబడ్డ తమ్ముళ్ళకు జై భీమ్.

నన్ను పిలిచింది చదువుల గురించి, ఉద్యోగాల గురించి నాలుగు మాటలు చెప్పమని. అయితే వారం రోజులుగా మన గూడెంలో నలుగుతున్న సంగతి వేరే ఉంది. మన పిల్ల ఒకతె డిగ్రీ పాసై యూనివర్సిటీలో ఎమ్మే సీటు తెచ్చుకుంది. ఏం ఎమ్మే? సినిమా ఎమ్మే. వాళ్ళ నాయన నాకు చిన్నాయన వరస. రాత్రిపూట మా ఇంటికొచ్చి, "ఏందయ్యా సారూ, సినిమాలు చూసేదానికి గూడా కాలేజీ పెట్టారా? పిల్లని సినిమాల్లోకి తోలానని ఊరంతా నవ్వదా?" అని అడిగాడు.

నిజం చెబుతున్నా, నేను కూడా ఆయన పక్షమే మాట్లాడాను. బీఎడ్ చేయించు చిన్నాయనా, టీచరుద్యోగం వస్తది అన్నాను. మా ఇంట్లో పలక పట్టిందీ, పట్టా పుచ్చుకుందీ నేనే మొదట. నేనెక్కిన మెట్టు కాకుండా పిల్లలు ఇంకోదాని మీద కాలు పెడితే జారి పడతారేమోనని నాబోటి వాళ్ళకి భయం. ఆ పిల్ల నా మొహానే అడిగింది: "సార్, పద్యం చదివేటప్పుడు ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఎందుకు రాశారు అని అడగమని మీరే నేర్పారు గదా. సినిమాని మాత్రం అడగొద్దా?" నాకు జవాబు రాలేదు. అప్పట్నుంచి ఆ పిల్ల దగ్గరున్న పుస్తకాలు, సిలబస్ కాయితాలు తెచ్చుకుని చదివాను. కొన్ని సినిమాలు తనే ఫోనులో చూపిచ్చింది. పంతులికి పాఠం చెప్పింది. ఇవాళ నేను మీకు ఒప్పజెప్పేది ఆ పాఠమే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆ చదువులో డాన్సులు, యాక్టింగులు నేర్పరు. కెమెరా పట్టడం, ఎడిటింగ్ చెయ్యడం నేర్చుకునే చోటు వేరు. పుణెలో 1960లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అలాంటిది. యూనివర్సిటీలో చదివేది సినిమా చరిత్ర, సినిమా సిద్ధాంతం, సినిమా విశ్లేషణ. కలకత్తాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీ 1993లోనే ఇందుకో శాఖ పెట్టింది. ఢిల్లీలో జేఎన్‌యూలో ఉంది, మన హైదరాబాదులో ఇఫ్లూలో ఉంది. వైద్యం చదివినోడు ఒంటిని కోసి చూసినట్టు వీళ్ళు సినిమాని కోసి చూస్తారు.

ఎట్లా కోస్తారో ఒక్కటి చెబుతా. 1920ల మొదట్లో రష్యాలో కులెషోవ్ అని ఒకాయన ఒక తమాషా చేశాడు. ఒక నటుడి మొహం తీసుకున్నాడు. ఆ మొహంలో ఏ భావమూ లేదు. దాని పక్కన ఒకసారి సూపు గిన్నె చూపిచ్చాడు, ఒకసారి శవపేటికలో ఉన్న పిల్లని, ఇంకోసారి ఒక ఆడమనిషిని. చూసినోళ్ళు ఏమన్నారట? ఆకలి ఎంత బాగా చూపిచ్చాడు, దుఃఖం ఎంత బాగా చూపిచ్చాడు, మోజు ఎంత బాగా చూపిచ్చాడు అన్నారు. మొహం మాత్రం అదే! అంటే భావం మొహంలో లేదు, పక్కన పెట్టిన బొమ్మలో ఉంది. ఈ కిటుకు మనకెందుకు? ఆలోచించండి. టీవీలో ఊళ్ళో దొంగతనం జరిగిందని చెబుతూ మన గూడెం గోడలు చూపిస్తారు. మనమేం చెయ్యలేదు, ఎవరూ మనల్ని ఒక్క మాట అనలేదు. పక్క పక్కన పెట్టారంతే. మిగతా పని చూసేవాడి బుర్ర చేసిపెడుతుంది. అట్లా కలిపినోడిని పట్టుకోవాలంటే ఎక్కడ కట్ చేశాడో చూడ్డం రావాలి గదా.

ఇక చరిత్రకొద్దాం. మన దేశంలో మొదటి సినిమా ఏదంటే పుస్తకాలన్నీ ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్ర, 1913 అని చెబుతయ్. హరిశ్చంద్రుడి కథ మనకు కొత్తా? కాటిసీను వస్తుందంటే దుప్పట్లు కప్పుకుని తెల్లార్లూ కూర్చున్నోళ్ళం. ఆ సీనులో పాడే జాషువా పద్యాలు ఇక్కడ ఎంతమందికి నోటికొచ్చో నాకు తెలుసు. కానీ కథను ఒకసారి మన వైపు నుంచి చూడండి. రాజ్యం పోయింది, పెళ్ళాం బిడ్డలు పోయారు. అన్నిటికన్నా అడుగున ఏముంది? వీరబాహుడి దగ్గర కాపలా పని! మనవాడి కింద కూలి చెయ్యడమే రాజుకొచ్చిన ఆఖరి కష్టం. మనం మాత్రం రాజు కోసం ఏడ్చాం. వీరబాహుడు రోజూ కాటి దగ్గరే ఉన్నాడు, వాడి కోసం ఎవడన్నా ఏడ్చాడా? ఆ కాటిలో నిలబడి సమానత్వం మాట పలికింది జాషువా. ఆయన మనోడు కాబట్టి పలికాడు.

తర్వాత మాలపిల్ల. 1938. గూడవల్లి రామబ్రహ్మం తీశారు, కథ చలంది, మాటలు తాపీ ధర్మారావువి. ఆ రోజుల్లో గుడి తలుపులు మనకి తెరవాలని సినిమా తియ్యడం చిన్న సంగతి కాదు. దాన్ని నేను తక్కువ చెయ్యను. అయినా అడగాల్సినవి ఉన్నయ్. మాలపిల్ల వేషం కట్టింది కాంచనమాల. అంతకు రెండేళ్ళ ముందు 1936లో బొంబాయిలో అఛూత్ కన్యా తీస్తే ఆ అంటరాని పిల్ల దేవికారాణి, ఠాగూర్ల బంధువు. మన పేరు తెర మీదకు ఎక్కింది, మన మనిషి ఎక్కలేదు. ఇంకోటి. మాలపిల్లలో శాస్త్రిగారి మనసు ఎప్పుడు మారుతుంది? ఇల్లంటుకుని ఆయన భార్య మంటల్లో ఇరుక్కుంటే, మనవాడు దూకి కాపాడిన తర్వాత. దేవుడి దర్శనానికి మనం ముందు నిప్పుల్లో దూకి మంచివాళ్ళమని రుజువు చేసుకోవాల్నా? ఎవరికీ ప్రాణం పొయ్యకపోతే గుడి తెరవరా? ఇదీ విశ్లేషణంటే. సినిమాని తిట్టడం కాదు, పొగడ్డం కాదు.

ఈ చదువులో ఇంకో భాగముంది, నాకు ఎక్కువ గుచ్చుకున్నది అదే. తెర మీద ఏముందనేదే కాదు, తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చున్నారనేది కూడా చదువుతారు. నేల, బెంచీ, కుర్చీ. నేల టిక్కెట్టు కొన్నోళ్ళం మనకి వేరే చెప్పాల్నా! ఎస్.వి. శ్రీనివాస్ అనే పరిశోధకుడు తెలుగు సినిమా మీద, అభిమాన సంఘాల మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. సినిమా హాలు అందరిదీ అవునా అన్న ప్రశ్న ఆయన రాతల్లో ఉంది. బస్సు, హోటలు లాగా డబ్బు కట్టినోడు ఎవడైనా వచ్చి కూర్చునే చోటు అది. ఊళ్ళో కులం కలిసి కూర్చోనివ్వదు, హాల్లో చీకట్లో పక్క పక్కన కూర్చోబెట్టారు. మరి ఏం జరిగింది?

చుండూరు జరిగింది. 1991 జులైలో హాల్లో మన కుర్రాడి కాలు ముందు సీటులో ఉన్న రెడ్డి కుర్రాడికి తగిలింది. పీజీ చదువుతున్న పిల్లాడు. కాలు తగిలినందుకు మొదలైన గొడవ వెలి దాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నాకప్పుడు పదేళ్ళు. ఆ తర్వాత మా నాయన నన్ను ఒక్కసారే సినిమాకి తీసుకుపోయాడు. సినిమా అయ్యేదాకా నా మోకాలి మీద చెయ్యేసి నొక్కి పట్టుకున్నాడు. కాళ్ళు ముడుచుకో, ముడుచుకో అని. ఏ సినిమానో నాకు గుర్తు లేదు. ఆ చెయ్యి గుర్తుంది. సినిమా అంటే వినోదం గదా, దాని మీద చదువేందని ఎవరన్నా అంటే నాకు ఆ చెయ్యే గుర్తొస్తుంది.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో గ్రిఫిత్ అనే డైరెక్టరు 1915లో ద బర్త్ ఆఫ్ ఎ నేషన్ అని తీశాడు. సినిమా చదివే ప్రతివాడూ దాన్ని చదవాల్సిందే. ఒక చోట ఆపద, ఇంకో చోట గుర్రాల మీద రక్షించొచ్చేవాళ్ళు, ఇటూ అటూ మార్చి మార్చి చూపిస్తా ఉంటే గుండె కొట్టుకుంటది. మన సినిమాల్లో క్లైమాక్సు ఫైటుకి ముందు ఇప్పటికీ చేసేది అదే. కానీ ఆ గుర్రాల మీదొచ్చేది ఎవరు? కూ క్లక్స్ క్లాన్, నల్లవాళ్ళని చెట్లకు ఉరేసిన ముఠా. వాళ్ళు వీరులు, నల్లవాడు రాక్షసుడు. ఆ నల్లవాడి వేషం వేసింది కూడా మొహానికి నలుపు పూసుకున్న తెల్లవాళ్ళే. ఆ సినిమాని వైట్‌హౌస్‌లో వేసుకుని చూశారు. చచ్చిపోయిన ఆ ముఠా అదే ఏడు మళ్ళీ లేచింది.

దానికి జవాబు చెప్పినోడు ఆస్కార్ మిషో. బానిసగా పుట్టిన తండ్రికి కొడుకు. సేద్యం చేశాడు, నవలలు రాసి ఇంటింటికీ తిరిగి అమ్మాడు, తర్వాత సినిమా తీశాడు. 1920లో వితిన్ అవర్ గేట్స్. గ్రిఫిత్ వాడిన కిటుకే వాడాడు, ఇటు అటు మార్చి చూపిచ్చడం. కానీ ఇటు నల్ల కుటుంబాన్ని ఉరి తీస్తున్నారు, అటు నల్లపిల్ల మీద తెల్లవాడు పడుతున్నాడు. కత్తి అదే, పట్టుకున్న చెయ్యి మారింది. ఆ సినిమా పోయిందనే అనుకున్నారు. స్పెయిన్‌లో ఒక్క ప్రతి దొరికితే 1993లో బాగుచేశారు. వెతికినోళ్ళున్నారు కాబట్టి మిగిలింది.

వెతకకపోతే ఏమవుతుందో మన పక్కనున్న కేరళలో ఉంది. మలయాళంలో మొదటి సినిమా విగతకుమారన్, దాని హీరోయిన్ పి.కె. రోజీ, గడ్డి కోసే పనికి పోయే దళిత స్త్రీ. నాయర్ల ఆడమనిషి వేషం కట్టింది. తిరువనంతపురంలో బొమ్మ వేసిన రోజున అగ్రకులాలు తెర మీద రాళ్ళేశాయి. ఆమె ఊరొదిలి పోయింది, మళ్ళా తెర మీదకు రాలేదు. ఆ సినిమా ప్రతి ఒక్కటి కూడా మిగల్లేదు. దళిత రచయితలు, పరిశోధకులు ఏళ్ళ తరబడి తవ్వితేగానీ ఆమె పేరు బయటికి రాలేదు. తెలుగులో అట్లాంటి పేర్లు ఎన్ని మట్టిలో ఉన్నయ్యో. తవ్వేది ఎవరు? కుర్చీ టిక్కెట్టోడు వచ్చి మన కోసం తవ్వుతాడా?

చిన్నాయనా, నువ్వు వెనక కూర్చున్నావు, నాకు కనపడతానే ఉన్నావు. ఉద్యోగం సంగతి అడుగుతావు. దాచను. ఈ చదువుకి టీచరు పోస్టుల మాదిరి నోటిఫికేషన్లు పడవు. పీహెచ్‌డీ దాకా పోతే లెక్చరరు కావచ్చు. పత్రికల్లో, టీవీల్లో, సినిమాల్లో రాతపని ఉంటది, అక్కడ మనవాళ్ళకి తలుపు అంత తేలిగ్గా తెరవరు. రెండేళ్ళు కష్టమే. హాస్టల్లో ఇంగ్లీషు రాదని ఎగతాళి చేస్తారు, నన్నూ చేశారు. ఇంగ్లీషు ఆరు నెలల్లో వస్తది. ఎగతాళి మర్చిపోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

అయినా ఒక మనిషి సంగతి విను. మహారాష్ట్రలో నాగరాజ్ మంజులే. రాళ్ళు కొట్టే వడ్డెర కులంలో పుట్టాడు. పుణెలో మరాఠీ ఎమ్మే చేశాడు, తర్వాత అహ్మద్‌నగర్‌లో మీడియా కోర్సులో చేరాడు. అక్కడ చదువులో భాగంగా తీసిన చిన్న సినిమాకి జాతీయ అవార్డొచ్చింది. 2013లో ఫాండ్రీ తీశాడు. అందులో పందుల్ని పట్టే కుటుంబం. బడి పక్కన పంది చిక్కబోతా ఉంటే బళ్ళో జనగణమన మొదలవుద్ది. కుటుంబమంతా కదలకుండా నిలబడతారు. పంది నడుచుకుంటా పోద్ది. నేను రోజూ ప్రార్థనలో నిలబడేవాణ్ణి, ఆ సీను చూశాక రెండు రోజులు పిల్లల మొహం చూళ్ళేకపోయాను.

ఆఖర్న ఆ పిల్లాడు ఒక రాయి తీసి విసురుతాడు. ఎవరి మీదికో నేను చెప్పను.

యూనివర్సిటీలో ఫీజు కట్టే ఆఖరు రోజు శుక్రవారం. చిన్నాయన ఇంకా ఔననలేదు. అందుకని ఆదివారం దాకా ఆగకుండా గురువారం రాత్రి ఎనిమిదింటికి ఇక్కడే ఫాండ్రీ వేస్తున్నాం. ప్రొజెక్టరు నేను తెస్తా. మాటలు మరాఠీలో ఉంటయ్, ఆ పిల్లే మైకు పట్టుకుని తెలుగులో చెబుతానంది. మచ్చల్లేని తెల్ల దుప్పటి, పెద్దది, ఎవరింట్లో ఉంటే వాళ్ళు తీసుకురండి. అందరం నేల మీదే కూర్చుందాం, కాళ్ళు చాపుకుని.