ప్రశ్న అడిగిన పిల్ల వెనక ఎవరున్నారు?

(ఉపాధ్యాయినులు, మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరం ముగింపులో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పాలని ఈ మూడు రోజులూ అనుకున్నాం. అది ఎంత సులువో, ఎంత కష్టమో నాకు నేర్పిన ఒక లెక్కతో మొదలుపెడతాను.

మనందరం చిన్నప్పుడు చేసిన లెక్కే. "రామయ్య తన 12 ఎకరాల పొలాన్ని ముగ్గురు కొడుకులకు సమానంగా పంచాడు. ఒక్కొక్కరికి ఎంత?" నాలుగు. మార్కులు పడతాయి. తెలంగాణలో ఒక మండల కేంద్రంలో టీచర్ల శిక్షణలో నేను ఈ లెక్కే బోర్డు మీద రాసి, "రామయ్యకు కూతురు లేదా?" అని అడిగాను. అందరూ నవ్వారు. "ఉంటే ఎంత వస్తుంది?" అన్నాను. మూడు. అక్కడ నవ్వు ఆగింది.

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005లో దేశమంతటికీ ఆ సవరణ వచ్చింది. లెక్కల పుస్తకంలోని రామయ్యకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. ఆ రోజు ఒక టీచరు లేచి, "మేడమ్, పసుపు కుంకుమల కింద ఇచ్చామన్నారు, నేను సంతకం పెట్టి వచ్చాను. లెక్కల టీచర్ని నేను. నా వాటా నేనెప్పుడూ లెక్క వేసుకోలేదు" అంది.

నా దృష్టిలో శిక్షణ మొదలయ్యేది అక్కడే. టీచరు తన జీవితాన్ని తాను ప్రశ్నించుకోకుండా పిల్లల చేత ప్రశ్నలు అడిగించలేదు. మన శిక్షణలు ఎలా జరుగుతున్నాయి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరు చెబుతారు, వందమంది రాసుకుంటారు. ప్రశ్నించడం గురించి కూడా ఉపన్యాసమే! చదువును బాంకులో డబ్బు వేసినట్టు పిల్లల బుర్రల్లో వేయడంగా చూసే పద్ధతిని బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రేరీ అర్ధ శతాబ్దం కిందటే విమర్శించాడు. టీచర్లకు మనం చేస్తున్నదీ అదే.

ఇది మనకు తెలియని దారి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్ళు చదివిన వాచకాల్లో తాగుడు వల్ల నాశనమైన సంసారం కథ ఉంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాన్ని తమ ఊరి కథగా చదువుకున్నారు. కూలి డబ్బు ఎటు పోతోంది, సారా దుకాణం ఎవరి కోసం అని అడిగారు. 1992లో ఆ ప్రశ్న జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకం నిషేధించక తప్పలేదు. పాఠం ఒక్కటే ఉద్యమాన్ని తెచ్చిందనను. వాళ్ళ కడుపుమంట ముందే ఉంది. పాఠం దానికి నలుగురిలో మాట్లాడే చోటిచ్చింది.

తరగతిలో ఇందుకు కొత్త పుస్తకం కోసం ఆగనక్కరలేదు. ఉన్న పాఠానికే నాలుగు ప్రశ్నలు చేర్చవచ్చు. ఇందులో ఎవరున్నారు? ఎవరు లేరు? దీనివల్ల ఎవరికి మేలు? ఇంకోలా ఉండవచ్చా? ప్రశ్న వేశాక కాసేపు ఊరుకోండి. మొదట చెయ్యెత్తిన పిల్లవాడినే లేపకండి. పీరియడులో ఎందరు ఆడపిల్లలు మాట్లాడారో, వెనక వరసలో దళిత పిల్లలకు ఎన్నిసార్లు అవకాశం వచ్చిందో లెక్కపెట్టండి. "నాకు తెలియదు, కలిసి చూద్దాం" అనడానికి సిగ్గుపడకండి.

"సిలబస్ ఎప్పుడు పూర్తిచేయాలి?" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2009 విద్యాహక్కు చట్టం గడువులోగా సిలబస్ పూర్తిచేయమంటుంది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పేలా చేయమనీ అదే చట్టం అంటుంది. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు మొదటిదే అడుగుతారు. రెండోదాన్ని అడగవలసింది మనం.

ఇప్పుడు అసలు సంగతి. రామయ్య లెక్కను ఒక టీచరు తన ఏడో తరగతిలో చెప్పింది. ఒక పిల్ల ఇంటికెళ్ళి తండ్రిని అడిగింది. మర్నాడు తల్లి బడికొచ్చింది. "టీచరమ్మా, మంచిగ సదువుకుంటదని పంపితే నాయినకు ఎదురు లెక్క అప్పజెప్పింది. దెబ్బలు తిన్నది. ఇగ బడి బంజేయమంటున్నడు" అంది. ఆ టీచరు నన్నడిగింది: "ప్రశ్న నేర్పమన్నారు, నేర్పాను. దెబ్బ తగిలినప్పుడు ఆ పిల్ల వెనక ఎవరున్నారు మేడమ్?"

నా దగ్గర జవాబు లేదు. పరిశోధనా పత్రాల్లో ఇలాంటి ప్రశ్న రాదు. ఆ ఊరి సంఘం ఆడవాళ్ళు నలుగురు ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నారు. ఆస్తి మాట ఎత్తలేదు, పిల్ల చదువు మాటే మాట్లాడారు. పిల్ల బడికి వచ్చింది. వాటా సంగతి తేలలేదు.

నేను నేర్చుకున్నదిదే. సంఘం లేని ఊళ్ళో ప్రశ్న నేర్పడమంటే పిల్లను ఒంటరిగా యుద్ధానికి పంపడమే. ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలు ఉండాలని చట్టంలో ఉంది. చాలాచోట్ల వాళ్ళు సంతకానికే పరిమితం. అక్కడ మన సంఘాల తల్లులు కూర్చోవాలి. టీచర్లు ఈ పాఠాలను ముందు తల్లులతో చదవాలి. అప్పుడు పిల్ల అడిగే ప్రశ్న ఇంట్లో తల్లికి కొత్తగా ఉండదు. బహుశా అది ఆమె అడగలేకపోయిన ప్రశ్నే అయివుంటుంది.

రేపు మీ మీ ఊళ్ళకు వెళ్ళాక బడికి ఒకసారి వెళ్ళండి. రామయ్య లెక్క ఎలా చెబుతున్నారో చూడండి.