ఉబ్బసం ముందు మన చేతులు

పట్టభద్రులారా, మందుల మీద నమ్మకం పోయిన ఆండ్రూ టేలర్ స్టిల్ 1892లో మిజోరీ రాష్ట్రం కిర్క్స్‌విల్‌లో పెట్టిన బడి మీ ఆస్టియోపతి చదువుకు మూలం. మీరు మాత్రం ఆయన చేతి విద్యతో పాటు మందులు రాసే అధికారాన్నీ పట్టుకుని బయటికి వెళ్తున్నారు. ఏది ఎంతవరకు అన్న ప్రశ్న ఉబ్బసం రోగి దగ్గర తేలుతుంది. ఆయాసపడే మనిషి భుజాలు ఎగబెట్టి, మెడ బిగించి ఒక్కో ఊపిరీ లాక్కుంటాడు. ఆయాసం తగ్గినా ఆ బిగువు ఒక పట్టాన పోదు. అతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద వేళ్లు చొప్పించి, వెన్నుకు అటూ ఇటూ పక్కటెముకలను మెల్లగా ఎత్తుతారు మీరు. ఛాతీ సడలుతుంది, నిజమే. కానీ జబ్బు ఉన్నది ఎముకల్లో కాదు, వాచి ఇరుకైన శ్వాసనాళాల్లో. 2002లో పదిమంది పెద్దవాళ్ల మీద చేసిన చిన్న పరీక్షలో ఈ చికిత్స తర్వాత ఛాతీ ఎక్కువ విప్పారింది గానీ, ఊదే గాలి వేగం (పీక్ ఫ్లో) చెప్పుకోదగ్గంతగా మారలేదు. 2005లో 140 మంది పిల్లలతో జరిగిన అధ్యయనంలో, చికిత్స అందినవాళ్ల పీక్ ఫ్లో నిమిషానికి 7 నుంచి 9 లీటర్లు పెరిగింది. ఆశ పుట్టించే సంగతే. అయితే ఒకే పిల్లవాడు వెంటవెంటనే రెండుసార్లు ఊదినా అంతకు మించిన తేడా రావచ్చు. ఇన్‌హేలర్‌కు తోడుగా ఈ చేతి చికిత్స పనికిరావచ్చు. దాని స్థానంలో కూర్చోలేదు.

"రోగే హాయిగా ఉందంటుంటే మధ్యలో మీటరు గోలేమిటి?" అంటారు కొందరు. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనమే దీనికి జవాబు. ఆల్బ్యుటెరాల్ మందు పీల్చినవాళ్లూ, మందులేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ పీల్చినవాళ్లూ దాదాపు ఒకే మోతాదులో నయంగా ఉందన్నారు. ఊపిరితిత్తుల పనితీరు కొలత మాత్రం మందుతో 20 శాతం పెరిగితే, ఉత్తుత్తిదానితో 7 శాతమే పెరిగింది. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో కొరమీనుతో చేపప్రసాదం మింగి, ఊపిరి తేలికైందనే మనవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. ఆ మాట రుజువు కిందికి రాదు, అంతే. రుజువు ఇంత పలచగా ఉంటే అసలు చెయ్యడమెందుకని ఇంకొందరి వాదన. బిగిసిన కండరానికి ఊరటా ఊరటే. పైగా చేతులు వీపు మీద ఉన్న ఆ పది నిమిషాల్లో రోగి చెప్పుకునేది, హడావిడి క్లినిక్‌లో ఎవరూ అడగనిది. ఇచ్చింది ఊరట అయితే ఊరటనే చెప్పండి, శ్వాసనాళాలు తెరిచామనకండి. రోగి బల్ల దిగాక పీక్ ఫ్లో మీటర్ ఊదించండి. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నాడో మీ ఎదుటే ఒకసారి చేసి చూపమనండి.