సర్వరు నుంచి సెల్‌ఫోనుకు: పుష్ నోటిఫికేషన్ ప్రయాణం



ఈనాటి పాఠంలో ఒక చిన్న సందేశం వెంట మనం ప్రయాణం చేద్దాం. అది సర్వరు అనే కంప్యూటరులో పుడుతుంది. వెబ్ ఏపీఐ అనే ద్వారం గుండా బయటికి వస్తుంది. చివరకు ఎవరి జేబులోనో ఉన్న సెల్‌ఫోనును మోగిస్తుంది. దీనినే పుష్ నోటిఫికేషన్ అంటాం. క్రికెట్ స్కోరు, బ్యాంకు జమ, రైలు ఆలస్యం ఇలాగే మన ఫోనుకు చేరతాయి. ఇవాళ మనం తీసుకునే ఉదాహరణ మాత్రం స్కోరు కాదు, పిడుగు.

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో తెలీబంధా అనే పేట ఉంది. అక్కడి చెరువు గట్టును ఊరివాళ్ళు ముద్దుగా 'మెరీన్ డ్రైవ్' అంటారు. సాయంత్రమైతే నడకకు వచ్చేవాళ్ళు, పిల్లలతో వచ్చే కుటుంబాలు, తినుబండారాల బళ్ళు. 2016లో అక్కడ సుమారు 82 మీటర్ల ఎత్తున జాతీయ జెండా స్తంభం నిలిపారు. రాయపూర్‌లో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విశాఖపట్నాన్ని ఆ ఊరితో కలిపే రైలు మార్గం ఉంది కదా, రాకపోకలు ఎక్కువే.

మన దేశంలో పిడుగుపాటు మరణాలు ఎక్కువగా నమోదయ్యే రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 2,887 మంది పిడుగుపాటుకు చనిపోయారు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 'దామిని' అనే మొబైల్ యాప్ తయారు చేసింది కూడా ఇందుకే. మనం ఉన్నచోటికి దగ్గరలో పిడుగులు పడుతుంటే అది చెబుతుంది.

ఇప్పుడు అభ్యాసం కోసం అలాంటిదే ఒక చిన్న వ్యవస్థను ఊహిద్దాం. తెలీబంధా గట్టు మీద నడిచే పదివేల మంది ఫోన్లలో మన యాప్ ఉందనుకోండి. పిడుగుల మేఘం 20 కిలోమీటర్ల దూరంలో ఉంది, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తోంది. అంటే మన చేతిలో ఉన్నది అరగంట. నిజానికి అంత కూడా లేదు. మేఘం నడినెత్తికి రాకముందే, పది కిలోమీటర్ల దూరం నుంచే పిడుగు పడగలదు. కాబట్టి పావుగంట అనుకుందాం. ఈ పావుగంటలో సందేశం చేరాలి, మనిషి చదవాలి, గట్టు దిగి పక్కా భవనంలోకి వెళ్ళాలి.

మొదటి ఆలోచనగా ఎవరైనా ఏమంటారు? "ప్రతి ఫోనూ నిమిషానికి ఒకసారి సర్వరును అడిగితే సరిపోదా?" అంటారు. లెక్క వేయండి. రోజుకు 1,440 నిమిషాలు. పదివేల ఫోన్లు అడిగితే ఒక కోటీ నలభై నాలుగు లక్షల ప్రశ్నలు. వాటిలో దాదాపు అన్నిటికీ జవాబు ఒకటే: "ఏమీ లేదు." ఈ ఏమీ లేదనే మాట కోసం ప్రతి ఫోనూ నిమిషానికోసారి నిద్ర లేవాలి. సాయంత్రానికి బ్యాటరీ ఉండదు. బ్యాటరీ తినే యాప్‌ను జనం తీసేస్తారు, దానితోపాటు హెచ్చరికా పోతుంది.

పోనీ, సర్వరే నేరుగా ఫోనును పిలవవచ్చు కదా? అదీ కుదరదు. ఇంటర్నెట్‌లో మీ ఫోనుకు సాధారణంగా సొంత చిరునామా ఉండదు. మొబైల్ కంపెనీ ఎందరో చందాదారులను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతుంది. పెద్ద అపార్టుమెంటుకు ఒకే గేటు ఉన్నట్లు. లోపలివాళ్ళు బయటికి రాగలరు, బయటివాడు మాత్రం ఏ తలుపు తట్టాలో తెలియక గేటు దగ్గరే ఆగిపోతాడు.

దీనికి దొరికిన పరిష్కారం చాలా తెలివైనది. ఫోనే బయటికి వచ్చి ఒక్క చోటికి మాత్రం సంబంధం పెట్టుకొని, దానిని తెంచకుండా ఉంచుతుంది. ఆండ్రాయిడ్ ఫోను గూగుల్ సర్వరుతో, ఐఫోను యాపిల్ సర్వరుతో. ఫోనులో యాభై యాప్‌లు ఉన్నా ఆ తీగ ఒక్కటే. యాపిల్ ఈ సేవను 2009లో ప్రారంభించింది. గూగుల్ 2010లో ఒక పేరుతో మొదలుపెట్టి, 2012లో మరో పేరు పెట్టి, 2016 నుంచి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్ అనే పేరుతో నడుపుతోంది. మన సర్వరు చేయవలసిందల్లా ఉత్తరం ఈ తపాలా కార్యాలయంలో ఇవ్వడం. ఫోను దాకా మోసుకెళ్ళేది వాళ్ళు.

ఉత్తరానికి చిరునామా కావాలి. యాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు గూగుల్ సేవ ఆ యాప్‌కు టోకెన్ అనే పొడవాటి అక్షరమాల ఇస్తుంది. యాప్ దానిని మన సర్వరుకు పంపుతుంది, మనం పట్టికలో రాసుకుంటాం. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. టోకెన్ మనిషి పేరు కాదు, ఫోను నంబరు కాదు, ఊరు అంతకన్నా కాదు. ఫలానా ఫోనులో ఫలానా యాప్ అని మాత్రమే దాని అర్థం. యాప్ తీసేసి మళ్ళీ పెడితే టోకెన్ మారుతుంది. కొత్త ఫోను కొంటే మారుతుంది. ఉదయం రాయపూర్‌లో విశాఖ వందేభారత్ ఎక్కిన తెలుగు ప్రయాణికుడు మధ్యాహ్నానికి విజయనగరం దాటినా టోకెన్ మాత్రం మారదు. తెలీబంధా పిడుగు హెచ్చరిక రైలులో ఆయనకు చేరుతుంది! మనిషి ఎక్కడున్నాడో తెలియాలంటే యాప్ ఆయన అనుమతి తీసుకొని వేరుగా కనుక్కోవాలి.

ఇక ద్వారం దగ్గరికి వద్దాం. వెబ్ ఏపీఐ అంటే, ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రామును వెబ్ ద్వారా పని అడగడానికి ఏర్పరచుకున్న పద్ధతి. మనం వెబ్ పేజీలో ఫారం నింపి పంపినట్లే, మన సర్వరు హెచ్‌టీటీపీ పోస్ట్ అనే విధానంలో ఒక అభ్యర్థన పంపుతుంది. అందులో ముఖ్యమైన భాగాలు రెండు. ఒకటి, పంపేది మనమేనని చూపే గుర్తింపు. రెండు, జేసన్ రూపంలో రాసిన విషయం: టోకెన్, శీర్షిక, సందేశం, ఇంకా కొన్ని సూచనలు.

గుర్తింపు గురించి కొంచెం చెప్పాలి. గూగుల్ పాత పద్ధతిలో సర్వర్ కీ అనే తాళంచెవి ఒకటి ఉండేది. అది తనంతట తాను గడువు తీరేది కాదు. పొరపాటున దానిని యాప్‌లోనే రాసేస్తే, యాప్‌ను విప్పి చూసిన ఎవరైనా మన పేరుతో సందేశాలు పంపవచ్చు. 2023 జూన్‌లో గూగుల్ ఆ పద్ధతికి స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది, 2024 జులై నుంచి దానిని ఆపడం మొదలుపెట్టింది. ఇప్పటి పద్ధతిలో సర్వరు తన రహస్య కీతో సుమారు గంటసేపు మాత్రమే పనిచేసే అనుమతి పత్రం తెచ్చుకొని, దానిని చూపించాలి. తప్పుడు హెచ్చరిక ఎంత గొడవ చేస్తుందో 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవులు చూశాయి. అక్కడ క్షిపణి వస్తోందని ఫోన్లు మోగాయి. అది పుష్ నోటిఫికేషన్ కాదు, దొంగ తాళంచెవి పనీ కాదు, ఉద్యోగి చేసిన తప్పు. కానీ "అది నిజం కాదు" అనే రెండో సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది.

సందేశం పరిమాణానికి హద్దు ఉంది: 4,096 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకు అలా కాదు. ప్రతి హల్లుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ మూడేసి బైట్లు. 'పిడుగు' అనే చిన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతాలు, అంటే 18 బైట్లు. 'తెలీబంధా' అంటే 24. ఇదే పేరు ఇంగ్లీషులో రాస్తే 10. హెచ్చరికకు ఎలాగూ రెండు వాక్యాలు చాలు గనుక భయం లేదు. అయితే రాయపూర్‌లో ఆ రెండు వాక్యాలు ఏ భాషలో ఉండాలి? సర్వరు వాక్యం పంపకుండా, దాని సంకేతనామం మాత్రమే పంపవచ్చు. హిందీ, తెలుగు, ఒడియా వాక్యాలు యాప్‌లో ముందే ఉంటాయి, ఫోను తన భాషలోని వాక్యాన్ని చూపిస్తుంది. నా సలహా, ఫోను భాషను బట్టి మాత్రమే పోవద్దు. తెలుగువారు కూడా ఫోనును హిందీలో పెట్టుకొని ఉండవచ్చు. యాప్ మొదటి తెరలోనే భాష అడగండి.

ఇప్పుడు ఈ పాఠంలో అసలైన చోటుకు వచ్చాం. మనం పంపిన అభ్యర్థనకు గూగుల్ నుంచి 200 అనే జవాబు వచ్చింది. సరే అని దాని అర్థం. ఏమిటి సరే? "మీ ఉత్తరం తీసుకున్నాను" అని. "అందజేశాను" అని కాదు. "ఆయన చదివాడు" అని అసలే కాదు. పదివేల అభ్యర్థనలకు పదివేల 200లు వచ్చినా, గట్టు మీద ఒక్క ఫోను కూడా మోగకపోవచ్చు. తపాలా కార్యాలయంలో ఇచ్చే రసీదు చూసి ఉత్తరం చేరిందనుకుంటామా?

ఫోను ఆగిపోయి ఉంటే ఏమవుతుంది? తపాలా కార్యాలయం ఉత్తరాన్ని దాచి ఉంచుతుంది. ఎంతకాలం? మనం చెప్పకపోతే నాలుగు వారాలు! పిడుగు హెచ్చరికకు ఇది ఎంత ప్రమాదమో చూడండి. ఒకాయన ఫోనులో చార్జింగు అయిపోయింది. మరునాడు మధ్యాహ్నం ఫోను వెలిగించగానే "పిడుగులు వస్తున్నాయి, భవనంలోకి వెళ్ళండి" అని మోగింది. పైన చూస్తే ఎర్రటి ఎండ. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి నిజంగా మేఘం వచ్చినప్పుడు ఆయన ఫోను తీసి చూడడు. కాబట్టి సందేశానికి ఆయుష్షు మనమే రాయాలి. దీనిని టీటీఎల్ అంటారు. మన ఉదాహరణకు 900 సెకన్లు, అంటే పావుగంట. ఐఫోనుల సేవలో ఆయుష్షుకు బదులు గడువు తీరే సమయాన్ని రాస్తాం. సున్నా రాస్తే, ఒకసారి ప్రయత్నించి చేరకపోతే వదిలేయమని.

రెండో సూచన ప్రాధాన్యం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి, కదలకుండా పడి ఉన్న ఫోను గాఢనిద్రలోకి వెళుతుంది. సాధారణ సందేశాలు అది లేచేవరకు వేచి ఉంటాయి. అధిక ప్రాధాన్యం అని రాస్తే గూగుల్ దానిని నిద్ర లేపుతుంది. 2013 జులై వరకు మన దేశంలో టెలిగ్రాం ఉండేది, మీ తాతగారిని అడగండి. టెలిగ్రాం వచ్చిందంటే ఇంట్లో అందరూ నిలబడేవారు, ఎందుకంటే ఊరికే ఎవరూ టెలిగ్రాం కొట్టేవారు కాదు. "శుభోదయం" సందేశానికి కూడా అధిక ప్రాధాన్యం వేసే యాప్‌లు ఉన్నాయి. అధిక ప్రాధాన్యంతో వచ్చి, మనిషికి కనిపించే నోటిఫికేషన్ ఏదీ చూపించని సందేశాలు పంపుతూ పోతే, గూగుల్ ఆ యాప్ ప్రాధాన్యాన్ని తగ్గించగలదు.

మూడోది, పాత సందేశం స్థానంలో కొత్తది. మేఘం 20 కిలోమీటర్లలో ఉందని ఒకటి, 12లో ఉందని ఒకటి పంపాం. ఇప్పుడే నెట్‌వర్కు దొరికిన ఫోనుకు రెండూ ఎందుకు? రెంటికీ ఒకే జోడింపు పేరు పెడితే, వేచి ఉన్నవాటిలో చివరిదే చేరుతుంది.

200 కాని జవాబులను కూడా చదవాలి. 404తో 'నమోదు లేదు' అని వస్తే ఆ టోకెన్ చచ్చిపోయింది, పట్టికలోంచి కొట్టేయండి. యాపిల్ దీనికే 410 అంటుంది. 429 వస్తే మనం మరీ వేగంగా పంపుతున్నామని. అప్పుడు వెంటనే మళ్ళీ తోయకూడదు. ఎంతసేపు ఆగమని చెబితే అంతసేపు ఆగి, మళ్ళీ విఫలమైతే వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ పోవాలి.

'తెలీబంధా' అనే అంశానికి ఫోన్లన్నిటినీ చందాదారులుగా చేర్చి, ఒక్క అభ్యర్థనతో అందరికీ పంపే సౌకర్యం కూడా ఉంది. అంశం పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి. సౌకర్యం బాగుంది గానీ, ఎక్కువమందికి పంపడానికి మలచినది అది, త్వరగా పంపడానికి కాదు. గూగులే ఆ మాట చెబుతుంది. వార్తలకు వాడండి. పిడుగుకు టోకెన్ల పట్టికే మేలు.

ఇంత చేసినా, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి మనిషి అనుమతి ఇస్తేనే నోటిఫికేషన్ కనిపిస్తుంది. యాప్ లేనివాడికి అసలే రాదు. బళ్ళ దగ్గర బజ్జీలు వేసే ఆయన ఫోనులో మన యాప్ ఉంటుందని ఎవరు చెప్పగలరు? ఇలాంటివారి కోసమే సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే వేరే పద్ధతి ఉంది. టవరు తన పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి చెబుతుంది. టోకెన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. 2023లో మన టెలికాం శాఖ దీనిని పరీక్షించినప్పుడు ఎందరి ఫోన్లో ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగడం మీకు గుర్తుండే ఉంటుంది. మన వ్యవస్థలో మరో ఏర్పాటు కూడా చేసుకోవచ్చు. సందేశం అందగానే యాప్ మన సర్వరుకు "అందింది" అని తిరిగి చెప్పాలి. రెండు నిమిషాలలో ఆ మాట రాని నంబర్లకు ఎస్సెమ్మెస్ పంపాలి. తెలుగులో ఎస్సెమ్మెస్‌కు 70 గుర్తులే పడతాయి, 160 కాదు. గట్టు మీద ఒక సైరన్ కూడా ఉంటే నేను ఇంకా సంతోషిస్తాను.

ఇక మీ ప్రయోగశాలకు ఒక పని. ఫైర్‌బేస్‌లో ఈ సేవ ఉచితం. చిన్న పరీక్షా యాప్ ఒకటి తయారు చేసి, ఫోనును విమాన మోడ్‌లో పెట్టండి. సర్వరు నుంచి రెండు సందేశాలు పంపండి, ఒకదానికి 60 సెకన్ల ఆయుష్షు, రెండోదానికి ఏమీ రాయకండి. రెంటికీ 200 వచ్చిందో లేదో చూసుకోండి. ఐదు నిమిషాలు ఆగి విమాన మోడ్ తీసేయండి. ఏ సందేశం వచ్చింది, ఎన్ని సెకన్లకు వచ్చింది, ఏది రాలేదు అన్నది మీ నోటుపుస్తకంలో రాసుకోండి. తర్వాత ఆయుష్షు 600 చేసి మళ్ళీ చూడండి.