కొల్లేరు కాలువయైనచో



స్థూలకాయమునకు శస్త్రచికిత్స కలదను మాట ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందు నేడు విననివారరుదు. దాని పేరు స్లీవ్ గాస్ట్రెక్టమీ. స్లీవ్ అనగా చొక్కాచేయి. కొందరు దానిని మంత్రమని నమ్ముచున్నారు; కొందరు తిండిపోతులకు తగిన శిక్షయని నవ్వుచున్నారు. రెండును సరికావని మనవి చేసెదను.

మన కొల్లేటిని తలచుకొనుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీటిని అది తనలో నిలుపుకొని, ఉప్పుటేటి ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచును. జీర్ణకోశము పనియు నట్టిదే. తిన్న యన్నమును నిలిపి, మెదిపి, కొంచెము కొంచెముగా ప్రేగులలోనికి పంపును. ఈ చికిత్సలో వైద్యులు పొట్టపై చిన్న రంధ్రములు చేసి, వానిగుండా పనిముట్లను పంపి, జీర్ణకోశమును స్టేప్లరుతో నిలువునా కుట్టి కోయుదురు. నూటికి 75 మొదలు 80 వంతులు తీసివేయగా సన్నని గొట్టము మిగులును. కొల్లేరు పోయి కాలువ మిగిలినట్లు. ప్రేగులను మాత్రము కదపరు.

అందుచే కొద్దిపాటి యన్నముతోనే కడుపు నిండును. అంతేకాదు. ఆకలిని రేపు గ్రెలిన్ అను హార్మోను ముఖ్యముగా పుట్టునది ఆ తీసివేసిన భాగముననే. కావున ఆకలియు తగ్గును. ఆకలి కేవలము మనోనిగ్రహమునకు లొంగునది కాదని దీనివలన తేటపడుచున్నది. లావుపాటివారిని పరిహసించువారు ఈ సంగతి గుర్తింపవలెను.

ఇది ఎవరికి? కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుచే గుణింపగా వచ్చిన సంఖ్యతో భాగింపుడు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 96 కిలోల బరువు గలవారికి 37.5 వచ్చును. ఆసియావాసులలో ఆ అంకె 27.5 దాటినవారికి ఇట్టి చికిత్స సూచింపదగునని 2022లో అంతర్జాతీయ వైద్యసంఘములు తెలిపినవి. సూచింపదగుట వేరు, చేయించుకొనితీరవలయుననుట వేరు.

ఏలయన, ఇరుకు కాలువకు గట్టు తెగు భయము కలదు. కుట్టువెంబడి రక్తస్రావమో, కారుటయో అరుదుగా సంభవించును. పుల్లని త్రేనుపులు, గుండెమంట హెచ్చవచ్చును. అవి ముందే తీవ్రముగా నున్నవారు వేరు చికిత్సను గూర్చి వైద్యుని అడుగవలెను. ఇనుము, బి12 లోపింపకుండ జీవితాంతము మాత్రలును, రక్తపరీక్షలును తప్పవు. స్త్రీలు ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భధారణ వాయిదా వేయవలెను.

భోజనము సంగతి. మొదట ద్రవములు, పిమ్మట మెత్తని పదార్థములు, ఆపైన మామూలు భోజనము. విస్తరిలో ముందుగా చేప, గ్రుడ్డు, పప్పు తిని తరువాతనే అన్నము ముట్టవలెను. గొట్టము అన్నపుముద్దను ఆపగలదు గాని చెరుకురసమును, తీపిపానీయమును ఆపజాలదు. వానికి మరగినవారికి పోయిన బరువు మరల వచ్చును. మన గోదావరి సీమలో ‘ఇంకొక్క ముద్ద’ యని బలవంతపెట్టుట మర్యాద. ఈ చికిత్స పొందినవారిపట్ల అది హింస. ఇంటివారు ముందుగా నేర్వవలసిన పాఠమిదియే.

2006లో కొల్లేటిలోని చేపలచెరువుల గట్లను తెగగొట్టించిరి; సరస్సునకు కొంత చోటు తిరిగి దక్కెను. తీసివేసిన జీర్ణకోశము అట్లు మరల రాదు. కావున తొందరపడక, శస్త్రవైద్యునితోను, పథ్యము తెలిసినవారితోను, ఇంటివారితోను కూర్చుండి మాటలాడి, పిదప నిశ్చయించుకొనుడు.