శత్రువుకు పేరు పెట్టేదెవరు?

అధ్యక్షస్థానంలో కూర్చున్నవాడు ప్రబంధాల మీదో నిఘంటువుల మీదో మాట్లాడాలని మన సభల్లో ఒక ఆనవాయితీ. నేను అంతరిక్ష యుద్ధాల కంప్యూటర్ ఆటల్లోని పేర్ల గురించి మాట్లాడబోతున్నాను. ముందు వరుసలోని పెద్దలు కాస్త ఓపిక పట్టాలి.

1990లో క్రిస్ రాబర్ట్స్ రూపొందించిన ‘వింగ్ కమాండర్’ చూడండి. అందులోని పైలట్లు మారికో తనాకా, జోసెఫ్ ఖుమాలో, జానెట్ డెవెరో, కియెన్ చెన్. ప్రపంచమంతా ఒకే యుద్ధనౌకలో కొలువుదీరినట్టుంటుంది. కానీ వాళ్ల కాల్‌సైన్లు, అంటే పైలట్లుగా పిలుచుకునే మారుపేర్లు, మాత్రం స్పిరిట్, నైట్, ఏంజెల్, బాస్‌మన్. ఇంటిపేరు ఏ నేలదైనా, పిలుపు దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషుకే పీట వేశారు.

నిజమైన వాయుసేనల్లో ఇలాంటి పేరును తోటివాళ్లే అంటిస్తారు. 1971లో శ్రీనగర్ ఆకాశంలో పోరాడి నేలకొరిగిన పరమవీరచక్ర గ్రహీత నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్‌ను తోటి పైలట్లు ‘బ్రదర్’ అనేవారు. ఆయన అందరినీ అలా పిలిచేవాడు కాబట్టి. మన ఊళ్లలో పెట్టే ఎగతాళి పేరూ అంతే, మోసేవాడి అనుమతి ఎవరూ అడగరు. ఆటలో మాత్రం ఆడేవాడు తన కాల్‌సైన్ తానే టైపు చేసుకుంటాడు. ఎవడు తనను తాను వెక్కిరించుకుంటాడు? అందుకే ఆ దళం మొత్తంలో నాకు నిజమనిపించే పేరు టాడ్ మార్షల్‌ది: మేనియాక్. మన భాషలో తిక్కలోడు.

ఎదుటిపక్షం కిల్‌రాతీలు, పిల్లిమొహాల జాతి. వాళ్ల వీరులు భురాక్, దఖాత్, ఖజ్జా. వత్తక్షరం తగిలిస్తే చాలు, గ్రహాంతరవాసి తయారు! ఆ లెక్కన ఖమ్మం, భీమవరం ఏ నక్షత్రమండలంలో ఉన్నట్టో.

అసలు చిక్కు 1998లో వోలిషన్ సంస్థ చేసిన ‘ఫ్రీస్పేస్’లో ఉంది. మనుషుల విమానాలు అపోలో, హెర్క్యులిస్, లోకీ. వాసుదన్లనే మరో జాతివి అనుబిస్, హోరస్, ఒసైరిస్. మూడో జాతి ఎక్కణ్నుంచో వచ్చిపడి, ఒక్క మాటైనా మాట్లాడకుండా తగలబెడుతుంది. దానికి మనుషులు పెట్టిన పేరు శివన్లు. 1999 నాటి రెండో భాగంలో వాళ్ల నౌకల తరగతుల్లో రాక్షస, రావణ చేరాయి, మోలాక్ పక్కనే.

దీనికి కోపం తెచ్చుకోవాలని నేను అనను. శత్రువుకు మనకు తోచిన పేరు పెట్టడం సైన్యాలకు అలవాటే. మన వాయుసేన దశాబ్దాలు నడిపిన మిగ్-21కి నాటో పెట్టిన పేరు ‘ఫిష్‌బెడ్’. రష్యావాళ్లను అడిగి పెట్టలేదు. కథలో కూడా భయపడ్డవాడి నోటికి భయపెట్టే పేరే వస్తుంది, అంతవరకు సబబే. అయితే ఆ ఆట చేసినవాళ్లకు అందిన శివుడు లయకారుడొక్కడే. పాల్కురికి సోమన బసవపురాణంలో బెజ్జమహాదేవి, అయ్యో తల్లిలేనివాడని జాలిపడి బిడ్డలా సాకిన శివుడు వాళ్లకు తెలియడు. రావణుడూ అంతే. ‘భూకైలాస్’ (1958), ‘సీతారామకల్యాణం’ (1961) చూసినవాళ్లకు ఆ పేరు వింటే ముందు ఎన్టీఆర్ ఠీవి, ఆ శివభక్తి గుర్తొస్తాయి. శత్రునౌక మీద ఆ పేరు చూసిన తెలుగు కుర్రాడి వేలు ట్రిగ్గర్ మీద ఒక్క క్షణం ఆగినా ఆశ్చర్యం లేదు.

మళ్లీ వింగ్ కమాండర్‌కే వస్తాను. 1991 నాటి రెండో భాగంలో రాల్గా నార్ హల్లాస్ అనే కిల్‌రాతీ మనుషుల పక్షాన ‘హాబ్స్’ అనే కాల్‌సైన్‌తో పోరాడతాడు. 1994 నాటి మూడో భాగంలో నమ్మినవాళ్లకు ద్రోహం చేసి సొంత జాతి దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ ఆటల్లో నన్ను ఇప్పటికీ వదలని పాత్ర అతనే. ఏ పేరుతో పిలవాలో ఇవాళ్టికీ తేల్చుకోలేను.

ఆటలకు కథలు రాస్తున్న యువతీయువకులు ఈ సభలో కొందరున్నారు. వాళ్లను ఒక్కటి అడుగుతాను. మీ శత్రువుకు మీ సైనికులు ఒక పేరు పెట్టనివ్వండి. వాడి తల్లి పెట్టిన పేరు కూడా ఆటలో ఎక్కడో ఒకచోట, ఒక్కసారైనా వినిపించండి.