నాన్న కంప్యూటర్‌ల నానమ్మ వీడియోలు: విండోస్ నుంచి ఉబుంటుకి, ఫోన్లకి ఎట్ల తెచ్చిన?

ఇబ్రహీంపట్నం నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. ఈ రోజు టాపిక్ మా ఇంట్లనే పుట్టింది.

పోయిన నెల నాన్న పాత డెస్క్‌టాప్ నుంచి టక్ టక్ అని సౌండ్ మొదలైంది. హార్డ్‌డిస్క్ అట్ల కొట్టుకుంటుందంటే దాని పని అయిపోవచ్చిందని అర్థం. దాంట్ల మా నానమ్మ బతుకమ్మ పాటలు పాడిన వీడియోలున్నయి. ఆమె ఇప్పుడు లేదు. ఆ వీడియోలకు ఇంకో కాపీ కూడా లేదు.

మొదట పెన్‌డ్రైవ్ పెట్టిన. చిన్నవి ఎక్కినయి, పెద్దది ఎక్కలే. ఎందుకంటే పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 ఫార్మాట్‌ల ఉంటే, ఎంత ఖాళీ ఉన్నా సరే 4 జీబీ ఉన్న ఒక్క ఫైల్ పట్టదు. చాట్ యాప్‌ల వీడియోలాగ పంపితే క్వాలిటీ పోతది. సరే, ఇంట్ల వైఫై ఉంది కదా అనుకున్న. డెస్క్‌టాప్‌ల విండోస్, నా లాప్‌టాప్‌ల ఉబుంటు, తమ్మునిది ఆండ్రాయిడ్, అక్కది ఐఫోన్. వీటన్నిటికీ తెలిసిన ఒక భాష ఉంది: ఎస్ఎంబీ.

ఇది విండోస్ వాళ్ల భాషే. మరి లినక్స్‌కి ఎట్ల వచ్చింది? 1992 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాల ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పీహెచ్‌డీ స్టూడెంట్, నెట్‌వర్క్ మీద పోయే ప్యాకెట్లను గమనించుకుంట గమనించుకుంట సొంతంగా సర్వర్ రాసిండు. పేరు కోసం ఎస్, ఎం, బీ అక్షరాలున్న పదాలు వెతికితే 'సాంబా' దొరికింది. మన సాంబడు కాదు, బ్రెజిల్ డ్యాన్స్!

ఇప్పుడు పని. విండోస్‌ల వైఫై సెట్టింగ్స్‌కి పోయి నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేయండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్. అక్కడ పర్మిషన్ 'రీడ్' మాత్రమే ఇవ్వండి, అప్పుడు ఫోన్ నుంచి ఎవరూ పొరపాటున డిలీట్ చేయలేరు. కమాండ్ ప్రాంప్ట్‌ల ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168తో మొదలయ్యే నంబర్ వస్తది, రాసుకోండి. ఉబుంటుల ఫైల్స్ తెరిచి ఎస్ఎంబీ, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ నంబర్ కొట్టాలె. ఐఫోన్‌ల ఫైల్స్ యాప్‌లనే 'కనెక్ట్ టు సర్వర్' ఉంటది, 2019ల వచ్చిన ఐఓఎస్ 13 నుంచి. ఆండ్రాయిడ్‌ల ఎస్ఎంబీ తెలిసిన ఫైల్ మేనేజర్ కావాలె. ఊకె చూడాలంటే వీఎల్‌సీ చాలు. నెట్ బ్యాలెన్స్ అయిపోయినా నడుస్తది, ఫైల్ ఇల్లు దాటి పోదు కదా.

నేను ఇరుక్కున్నది పాస్‌వర్డ్ కాడ. నాన్న రోజూ నాలుగంకెల పిన్ కొడ్తడు. నేనూ అదే కొట్టిన. రాలే. గంటసేపు రాలే! పిన్ ఆ మెషిన్ ముందు కూర్చున్నోనికే పనికొస్తది. నెట్‌వర్క్ మీద అకౌంట్ అసలు పాస్‌వర్డే అడుగుతది. పాస్‌వర్డ్ పెట్టని అకౌంట్ అయితే విండోస్ లోపలికే రానియ్యదు.

అప్పుడు నెట్‌ల వెతికితే రెండు సలహాలు దొరికినయి. పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ తీసెయ్యమని ఒకటి, పాత ఎస్ఎంబీ 1 ఆన్ చెయ్యమని ఇంకోటి. రెండూ చెయ్యకండి. మా మీది పోర్షన్ల ఇంజనీరింగ్ పిల్లలు కిరాయికుంటరు, మా వైఫై వాళ్లకూ ఇచ్చినం. పాస్‌వర్డ్ తీసేస్తే మా ఇంటి ఫొటోలు వాళ్ల ఫోన్లల్ల కూడా కనపడ్తయి. రెండోది ఇంకా డేంజర్. 2017 మేల వానాక్రై పాకింది ఈ ఎస్ఎంబీ 1 లోపంతోనే. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని లాక్ అయినయి. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలనే అప్‌డేట్ ఇచ్చింది, వేసుకోనోళ్లు దొరికిన్రు. మీ పాత టీవీకి ఎస్ఎంబీ 1 తప్ప రాదంటే, టీవీని వదిలెయ్యండి.

నాన్న పాస్‌వర్డ్ మర్చిపోయిండు, కొత్తది పెట్టినం. వైఫై వదిలి కేబుల్ పెట్టి, నానమ్మ ఫోల్డర్ ముందు లాగిన. పోయే డిస్క్ మీద వీడియోలు ప్లే చేసుకుంట కూసోవద్దు, ముందు ముఖ్యమైనవి గుంజుకోవాలె. పదకొండు వీడియోలల్ల పది వచ్చినయి. పదకొండోది సగంల ఆగింది. ఇంకోసారి ట్రై చెయ్యలే, మెషిన్ ఆపి డిస్క్ తీసి పక్కకు పెట్టిన, రికవరీ వాళ్లకు చూపియ్యాలె.

ఆ రాత్రి అక్క ఐఫోన్‌ల నా లాప్‌టాప్ నుంచే వీడియో తెరిచింది. నాన్న రెండుసార్లు చూసి, పాస్‌వర్డ్ కాగితం మీద రాసియ్యమన్నడు.

మీకు ఎర్రర్ వస్తే, ఆ మెసేజ్ ఉన్నదున్నట్టు కామెంట్‌ల పెట్టండి. ఉంట మరి!